ఆట అయ్యాక మళ్ళీ ఆట

సంపాదకులకు,

నమస్కారం. కిందటి ఆదివారం మీరు వేసిన ఉత్తరాల్లో ఒక పెద్దాయన రాసింది చదివి రెండు రోజులు ఊరుకున్నాను గానీ, ఇక ఊరుకోలేక ఇది రాస్తున్నాను. పొడుగైతే మీ ఇష్టం వచ్చినట్టు కత్తిరించుకోండి, హుద్‌హుద్ తుపాను సంగతి మాత్రం ఉంచండి.

ఆయన అన్నది ఇదీ. చిన్నపిల్లలు దొంగల్ని ముప్పుతిప్పలు పెట్టే సినిమాలు, ఇంటిల్లిపాదీ కూర్చుని చూసే సాహసాల కామెడీలు, కార్టూన్లు కాకుండా నిజం మనుషులు నటించినవి, వాటిని మన తరంవాళ్ళు తమ చిన్నతనం గుర్తొచ్చి మెచ్చుకోవడమే తప్ప అందులో సరుకు లేదట. ఇప్పటి పిల్లల ముందు పెడితే పది నిమిషాల్లో లేచి ఫోన్ అడుగుతారట. మొదటి సగం కొంత నిజమే కావచ్చు, నాకు 46 ఏళ్ళు, చిన్నతనం మీద బెంగ లేదని అబద్ధం చెప్పను. రెండో సగం దగ్గరే నాకు ఒళ్ళు మండింది. ఆయన ఏ పిల్లల్ని చూసి రాశారో నాకు తెలియదు, నేను చూసిన పిల్లల సంగతి చెబుతాను.

2014 అక్టోబరు 12, ఆదివారం. విశాఖవాళ్ళకి ఈ తేదీ ఎందుకు రాశానో చెప్పక్కర్లేదు. తుపాను దాటిపోయాక మా మద్దిలపాలెం అపార్టుమెంటులో కరెంటు లేదు, మోటారు లేక నీళ్ళు లేవు, ఫోన్లు పలకవు, పాల ప్యాకెట్ వాడెంత చెబితే అంత, వీధిలో చెట్లు వేళ్ళతో సహా లేచి అడ్డంగా పడుకున్నాయి. పెద్దవాళ్ళకి బకెట్లు పట్టుకుని మెట్లెక్కడం దిగడంతోనే పొద్దుపోయేది. పిల్లలకి మొదటి రోజు సరదా, రెండో రోజు విసుగు, మూడో రోజుకి ఒకళ్ళ జుట్టు ఒకళ్ళు పీక్కోవడం. మా వాడికప్పుడు 7 ఏళ్ళు. ఆ మూడో రోజు సాయంత్రం మావారు జనరేటర్ ఉన్న ఆఫీసులో మా పాత లాప్‌టాప్‌కి నిండా చార్జింగ్ పెట్టించుకుని తెచ్చారు. ఆయన ఉద్దేశం ఆఫీసు పని, నా ఉద్దేశం వేరు. రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య మెట్లు తిరిగే చోట ఒక బకెట్ బోర్లించి, దాని మీద పీట, పీట మీద లాప్‌టాప్ పెట్టి, సొరుగులో చేతికి దొరికిన డీవీడీ వేశాను. అది "బేబీస్ డే అవుట్". పై మెట్ల మీద తొమ్మిదిమంది పిల్లలు వరసగా, హాల్లో బాల్కనీ కూర్చున్నట్టే కూర్చున్నారు.

ఇంగ్లీషు బొమ్మ. కింద అక్షరాలు లేవు, ఉన్నా ఆ వయసులో చదవలేరు. ఆ లాప్‌టాప్ సౌండు దోమ రొదంత. అయినా ఎవ్వరూ కదల్లేదు, ఎందుకంటే అందులో అసలు హీరోకి మాటలే రావు, పాకడమే. బాబు బస్సెక్కాడు, పెద్ద షాపులో దూరాడు, జూలో గొరిల్లా ఒళ్ళో పడుకున్నాడు, వాణ్ణి ఎత్తుకెళ్ళిన ముగ్గురు దొంగలు వెనకే దెబ్బ మీద దెబ్బ తింటూ వస్తూనే ఉన్నారు. పార్కులో పోలీసుల ఎదురుగా దొంగ బాబుని కోటు కింద దాచుకుంటే, వాడు లోపల సిగరెట్ లైటర్ వెలిగించే సీను ఉంటుంది చూడండి, అక్కడ మా కింది ఫ్లాటు తాతగారు, ఇంటి కిటికీలన్నీ పగిలి మూడు రోజులుగా ఎవరితోనూ సరిగా మాట్లాడని మనిషి, మోసుకెళ్తున్న నీళ్ళ బిందె పక్కన దించి ఆ మెట్టు మీదే కూలబడి కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వారు. ఆ తర్వాత బాబు కడుతున్న బిల్డింగులో ఇనప దూలం మీద పాకుతున్నాడు, దొంగలు కింద నుంచి ఎక్కుతున్నారు, సరిగ్గా అప్పుడు లాప్‌టాప్ ఆరిపోయింది.

తొమ్మిది గొంతులు ఒక్కసారే లేచాయి. కొవ్వొత్తి వెలిగించి మిగతా కథ నేనే చెప్పాల్సొచ్చింది. బాబు క్షేమంగా దిగి, ముసలి సైనికులుండే ఇంటికి చేరతాడు, అమ్మానాన్నా వచ్చి ఎత్తుకుంటారు, కథ కంచికి అని లేవబోతే, మూడో అంతస్తు పిల్ల ఒకతి, 9 ఏళ్ళుంటాయేమో, అంతకు ముందే చూసిందట, "ఆంటీ, పుస్తకం మర్చిపోయారు" అంది. నిజమే సుమండీ. వాడి బొమ్మల పుస్తకం దొంగల గదిలో ఉండిపోతుంది, వాడు దాని కోసం పేచీ పెట్టబట్టే దొంగలు దొరుకుతారు. ఇక నన్ను కూర్చోబెట్టి ఆ పిల్లే కొవ్వొత్తి ముందు నిలబడి ఆ ముక్క చెప్పింది, చెప్పడం కూడా కాదు, ఒక్కో దొంగ ఎలా కుంటుతాడో నడిచి చూపించింది, ఆ నీడలు గోడ మీద ఇంతింత పొడుగున పడుతుంటే మిగతా ఎనిమిదిమందీ ఇంకోసారి, ఇంకోసారి అని అరిచారు. సినిమా కన్నా ఆ అరగంటే వాళ్ళకి ఎక్కువ గుర్తుంది. మా వాడికిప్పుడు 18, నిన్న అడిగితే పిల్లి మీసం దగ్గర నుంచీ చెప్పాడు (ఆ సినిమాలో పిల్లి లేదు, మెట్ల మీద మా అపార్టుమెంటు పిల్లి కూర్చుంది, వాడి బుర్రలో అది కూడా కలిసిపోయింది).

ఆ సినిమా 1994లో వచ్చింది. ఆ మెట్ల మీద కూర్చున్న తొమ్మిదిమందిలో ఒక్కరు కూడా అప్పటికి పుట్టలేదు. ఇక వాళ్ళకి చిన్నతనం మీద బెంగ ఎక్కడిది? వాళ్ళున్నదే చిన్నతనంలో.

ఇంకో విషయం. ఈ సినిమా అమెరికాలో పోయింది. సుమారు 5 కోట్ల డాలర్లు పెట్టి తీస్తే అక్కడ హాళ్ళలో 1 కోటి 70 లక్షలు కూడా రాలేదు. రాసింది జాన్ హ్యూస్, అంతకు నాలుగేళ్ళ ముందు, ఇంట్లో ఒంటరిగా మిగిలిన పిల్లాడు దొంగల్ని ఏడిపించే "హోమ్ అలోన్" రాసి ప్రపంచమంతా 47 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేయించినాయన, అయినా పోయింది. అక్కడ పోయిన బొమ్మ మన దగ్గర ఇంటింటి సినిమా అయింది. మనవాళ్ళు మరుసటి ఏడాదే, 1995లో, శివనాగేశ్వరరావు దర్శకత్వంలో "సిసింద్రీ" తీశారు, నిర్మాత నాగార్జున, పాకే బాబు ఆయన కొడుకు అఖిల్. ఇంగ్లీషు సినిమాలో బాబుగా ఇద్దరు కవల పిల్లలు వేశారు.

అక్కడ పోయి ఇక్కడ ఎందుకు ఆడింది అన్నదానికి నా దగ్గర ఒక లెక్క ఉంది, మీరు నవ్వినా సరే. మనకి అది కొత్త కథ కాదు. ఉయ్యాల వయసు పిల్లాడు బండి రూపంలో వచ్చిన రాక్షసుణ్ణి కాలితో ఒక్క తన్ను తన్నడం, నడుముకి కట్టిన రోలు ఈడ్చుకుంటూ పాకిపోయి రెండు మద్దిచెట్లు కూల్చేయడం, వాడికి తెలిసి చేశాడో తెలియక చేశాడో అర్థంకాక తల్లి గుండెలు బాదుకోవడం, ఇవన్నీ పోతన భాగవతం చదివినవాళ్ళకీ తెలుసు, చదవకుండా అమ్మమ్మ ఒళ్ళో విన్నవాళ్ళకి ఇంకా బాగా తెలుసు. పాకే పిల్లాడి చేతిలో పెద్ద పెద్ద దున్నపోతులు చిత్తవడం అనేది ఆ సినిమా జరిగే షికాగోలో వింత, మనకి ఇంటి కథ. యశోద ఆదుర్దా, పిల్లాడి బోసినవ్వు, మధ్యలో మట్టి కరిచే రాక్షసులు, ఇంకేం కావాలి?

ఇక ఆ పడటం సంగతి. పెద్దాయన దాన్ని "చవకబారు" అన్నారు. పడటం చవక కాదండీ. "హోమ్ అలోన్" 1990లో వచ్చింది, అందులో దొంగలు మంచు కట్టిన మెట్ల మీద జారినప్పుడు పడింది కంప్యూటర్ గీసిన బొమ్మ కాదు, స్టంటు మనుషులు నిజంగా వెల్లకిలా పడ్డారు. దొంగ మొహం మీద పాకిన సాలీడు నిజం సాలీడే. నీళ్ళు నిండిన ఇంటి కోసం ఒక బడిలో ఉన్న ఈతకొలనుని వాడుకున్నారు. దానికి ఒక ఏడాది ముందు వచ్చిన "హనీ, ఐ ష్రంక్ ద కిడ్స్"లో పిల్లలు పావు అంగుళానికి కుదించుకుపోయి, తమ ఇంటి పెరడే దాటలేక అడవిలో పడ్డట్టు అల్లాడతారు, దాని కోసం మెక్సికో సిటీలో ఒక స్టూడియోలో గడ్డిపరకలు తాటిచెట్లంత కట్టారు. పిల్లలు ఎక్కి తిరిగిన చీమ తేలుతో పోరాడి చచ్చిపోతే మా చెల్లి, అప్పటికి 12 ఏళ్ళు వచ్చినది, వీడియో క్యాసెట్ ఆపి మరీ ఏడ్చింది. ఒక చీమ కోసం! అంతకు ముందు రోజే అది చక్కెర డబ్బాలో చీమల్ని ఎండలో పెట్టి చంపింది.

నాకు కంప్యూటర్ గ్రాఫిక్స్ మీద కోపం లేదు, మంచివి నేనూ చూస్తాను. కానీ గంటకి పాతిక భవంతులు కూలే సినిమా చూసి వచ్చిన పిల్లాడు మర్నాడు దాని గురించి మాట్లాడడు, దాని బొమ్మ కొనిపెట్టమంటాడు. భవంతి కూలడం వాడికి తెలియదు కదా. జారి పడటం తెలుసు. రోజూ పడతాడు. మోకాలి చిప్ప మీద పొక్కు కట్టి ఉంటుంది ఎప్పుడూ. అందుకే తెర మీద ఒక మనిషి నిజంగా పడితే వాడి ఒంట్లో ఎక్కడో కలుక్కుమంటుంది, కలుక్కుమనడం నవ్వుగా బయటికొస్తుంది. ఇది నేనేదో చదువుకుని చెప్పేది కాదు, పిల్లల మొహాలు చూసి చెబుతున్నాను, నేను సినిమా కన్నా పిల్లల మొహాలే ఎక్కువ చూస్తాను.

ఇదేదో ఇంగ్లీషువాళ్ళ సొత్తు అనుకుంటున్నామేమో, 1957లోనే కె.వి.రెడ్డిగారు మనకి ఇలాంటిది ఒకటి తీసిపెట్టారు. "మాయాబజార్" పౌరాణికం కదా అంటారు. పేరుకి పౌరాణికం. వ్యాసభారతంలో లేని కథ, సినిమా మొత్తంలో పాండవులు ఒక్క ఫ్రేములో కనపడరు, ఉన్నదల్లా ఒక మేనరికం పెళ్ళి, దాన్ని చెడగొట్టే పెద్దలు, ఆ పెద్దల్ని ఏడిపించే ఒక కొంటె రాక్షసుడు. చివరి భాగం గుర్తు తెచ్చుకోండి. ఘటోత్కచుడు తన పరివారంతో కలిసి ఒక మాయా ఊరినే కట్టి, మగపెళ్ళివారు దిగే ఇంటినిండా ఉచ్చులు పన్ని కూర్చుంటాడు. కంబళి కాదు గింబళి, కాలు పెట్టినవాణ్ణి నిలబడనివ్వదు. తల్పం కాదు గిల్పం, పడుకున్నవాణ్ణి పడుకోనివ్వదు. శర్మ, శాస్త్రి, అంటే అల్లు రామలింగయ్య, వంగర వెంకటసుబ్బయ్య, ఇద్దరూ వాటి మీద పడే పాట్లు చూసి ఇప్పటికీ నవ్వని మనిషిని నేను చూడలేదు. శత్రువులు ఇంటికి వస్తున్నారు, మన దగ్గర కత్తుల్లేవు, ఇంట్లో సామాను ఉంది, దానితోనే వాళ్ళని కుదేద్దాం. ఇది "హోమ్ అలోన్" కథ కాక మరేమిటి? ముప్పై మూడేళ్ళు ముందుగా, కార్ట్లీ కెమెరాతో తీశారు, మన్నించండి, బార్ట్లీ, ఆ సినిమా కెమెరామన్ మార్కస్ బార్ట్లీ. మా నాన్న ఆ పేరు ఎప్పుడూ తప్పుగానే అనేవారు, నాకూ అదే అలవాటైంది.

నాన్న వాల్తేరు డీజిల్ లోకో షెడ్‌లో పని చేసేవారు. నూనె మరకల చేతులు కిరసనాయిల్‌తో కడుక్కుని మమ్మల్ని జగదాంబ జంక్షన్ వైపు హాళ్ళకి తీసుకెళ్ళేవారు. ఆయనకి ఇంగ్లీషు రాదు, ఇంగ్లీషు కామెడీలంటే ప్రాణం. అర్థమవుతోందా నాన్నా అంటే, "పడ్డాడు కదే, అందులో అర్థమయ్యేదేముంది" అనేవారు.

ఇక ఈ వేసవిలో జరిగింది చెబుతాను, ఇది పెద్దాయన తప్పకుండా చదవాలి. మా చెల్లి కొడుకులిద్దరూ బెంగళూరు నుంచి సెలవులకి వచ్చారు. పెద్దాడికి 8, చిన్నాడికి 5. వచ్చిన మొదటి రెండు రోజులూ వాళ్ళ మొహాలు నాకు కనపడలేదు, ఫోను వెనక భాగమే కనిపించింది. మూడో రోజు ఒక పూట రంగులు వేసిన "మాయాబజార్" పెట్టాను, ఆ సాయంత్రమే "హోమ్ అలోన్" పెట్టాను. పాత సినిమాల్లో పాటలు ఎక్కువని పెద్దాడు కాస్త సణిగాడు, ఒప్పుకుంటాను, "లాహిరి లాహిరి" దగ్గర లేచెళ్ళి బిస్కెట్లు తెచ్చుకున్నాడు. గిల్పం వచ్చేసరికి బిస్కెట్ నోటి దగ్గరే ఆగిపోయింది.

మర్నాడు పొద్దున ఇల్లు చిత్రంగా నిశ్శబ్దంగా ఉంది. పిల్లలున్న ఇంట్లో చప్పుడు లేకపోతే ఏదో మూడిందనే అర్థం, అయినా నేను పట్టించుకోలేదు, ఇడ్లీ పిండి పని మీద ఉన్నాను. పథకం ఏమిటంటే, మావారు బీచ్ నడక ముగించుకుని రైతుబజార్ సంచితో ఇంట్లోకి అడుగు పెడతారు, గుమ్మంలో చాప కింద పోసిన పెసల మీద కాలు జారుతుంది, పట్టుకోబోతే చేతికి దండెం తాడు తగులుతుంది, తాడు లాగితే తలుపు మీద బోర్లించడానికి సిద్ధంగా ఉన్న చెంబు నీళ్ళు నెత్తిన పడతాయి. పాత క్యాలెండర్ వెనక మ్యాపు గీసుకున్నారు, దాని మీద చాప దగ్గర "గింబళి" అని రాసి ఉంది, "బ" కింద పెద్దాడు అక్కర్లేని ఒత్తు కూడా పెట్టాడు. అయితే మావారికి ఆ రోజు దారిలో స్నేహితుడు దొరికి టీకి కూర్చున్నారు. బెల్ మోగితే ఆయనే అనుకుని నేను తలుపు తీయబోయాను. ఇంకేం చెప్పను. చాప ముందుకు పోయింది, నేను వెనక్కి పోయాను, చెంబు నా నెత్తిన కాదు గానీ కాలి బొటనవేలి మీద పడింది, నీళ్ళు మొత్తం గుమ్మం అవతల నిలబడిన పనావిడ మీద పడ్డాయి. ఆవిడ చీర కొంగు పిండుకుంటూ, "ఓలమ్మో, ఇదేటమ్మా, ఈ గుంటలు పెసలు ఇలగ పారబోసేసినారు, అట్లు పోసుకుందురు గదేటి" అంది. సోఫా వెనక నుంచి చిన్నాడు లేచి, "పెద్దమ్మా, నువ్వు కాదు, పెదనాన్న రావాలి, మళ్ళీ లోపలికెళ్ళు" అన్నాడు. నాకు నొప్పి కన్నా ముందు నవ్వు వచ్చింది. రెండు రోజులు కుంటుతూ నడిచాను. ఫోన్లు ఎక్కడున్నాయో ఆ వారం అంతా ఇద్దరికీ గుర్తులేదు, ఆఖరికి చార్జింగ్ అయిపోయి పరుపు కింద దొరికాయి.

మన భాషలో సినిమా ప్రదర్శనని ఆట అంటాం కదా, మొదటి ఆట, రెండో ఆట అని. ఆ మాట పెట్టినవాళ్ళు ఏమనుకుని పెట్టారో గానీ, నాకు ఈ సినిమాల కొలమానం అదే. హాల్లో ఆట అయిపోయాక ఇంట్లో ఆట మొదలైందా లేదా. మొదలవ్వాలంటే తెర మీద వాడిన వస్తువు పిల్లాడి చేతికి అందేది అవ్వాలి, తాడు, చెంబు, చాప, పెరట్లో గడ్డి, వీధి చివర పాడుబడ్డ ఇల్లు. లేజర్ తుపాకీ ఇంట్లో ఉండదు.

వీటిలో లోపాలు లేవని కాదు. "హోమ్ అలోన్" దొంగలు నిజం మనుషులైతే మొదటి ఇస్త్రీపెట్టె దెబ్బకే పోతారు, మా ఇంట్లో పెసలతో సరిపోయింది గానీ పెద్దవాళ్ళెవరూ పక్కన లేకుండా ఇలాంటివి చూపించడం మంచిది కాదు, నేను ఆ తర్వాత ఇద్దర్నీ కూర్చోబెట్టి ఏది చేయచ్చో ఏది చేయకూడదో చెప్పాను కూడా. మన తెలుగు కామెడీల్లో లావు మనుషుల్ని, నత్తిని, నల్లగా ఉన్నవాళ్ళని చూసి నవ్వించే చోట్లు నాకు ఇప్పుడు మింగుడు పడవు, అవి వస్తే రిమోట్ తీసుకుంటాను. ఆ మధ్య ఒక టీవీ చానెల్‌లో ఇలాంటి ఇంగ్లీషు సినిమా ఒకటి తెలుగులో వేశారు, మూగగా ఉండాల్సిన చోట కూడా పంచ్ డైలాగులు దూర్చారు, దొంగ గాల్లో ఉండగానే ఏదో ప్రాస మాట అంటాడు. పడే మనిషిని పడనివ్వరేమండీ?

అలాగని ఇంగ్లీషు సినిమాలే చూపించమనడం లేదు. 1972లో మనవాళ్ళు తీసిన "పాపం పసివాడు", ఎడారిలో తప్పిపోయిన పిల్లాడి కథ, దానికి మూలం దక్షిణాఫ్రికాలో జేమీ యూస్ తీసిన సినిమా. "గాడ్స్ మస్ట్ బి క్రేజీ" అని ఆకాశంలోంచి పడ్డ కూల్‌డ్రింక్ సీసా చుట్టూ అల్లి, దాదాపు మాటలు అక్కర్లేకుండానే నవ్వించి చంపింది చూడండి, అది తీసింది కూడా ఆయనే. చూశారా, మనకి ఈ రుచి ఎప్పటి నుంచో ఉంది. తర్వాత మన దగ్గర 1991లో సింగీతం శ్రీనివాసరావు "ఆదిత్య 369" వచ్చింది, కాలయంత్రం ఎక్కి కృష్ణదేవరాయల కాలానికి వెళ్ళొచ్చిన సినిమా. 1996లో గుణ్ణం గంగరాజు "లిటిల్ సోల్జర్స్" వచ్చింది. ఆ తర్వాత? వేళ్ళు మడవబోయి ఆగిపోయాను. పిల్లలున్న సినిమాలు వచ్చాయి, పిల్లలు నడిపించే సినిమాలు బాగా తగ్గిపోయాయి. పిల్లాడంటే ఇప్పుడు ఫ్లాష్‌బ్యాక్‌లో చిన్నప్పటి హీరో, లేదా విలన్ ఎత్తుకెళ్ళడానికి పనికొచ్చే వస్తువు.

ఇప్పుడు అసలు నా గోడు. 2025లో "ఆదిత్య 369" మళ్ళీ హాళ్ళకి వచ్చింది, మే 9న "జగదేకవీరుడు అతిలోకసుందరి" కూడా వచ్చింది, 1990లో అదే మే 9న తుపాను వానల్లో వచ్చిన సినిమా, సరిగ్గా 35 ఏళ్ళకి. అప్పుడు నేను మోకాలి లోతు నీళ్ళలో నాన్న భుజమెక్కి వెళ్ళాను. నలుగురు అనాథ పిల్లలు, ఒక గైడు, ఉంగరం పారేసుకున్న దేవకన్య, మాంత్రికుడు, ఇంతకన్నా పిల్లల సినిమా ఏముంది? సరే కదా అని మా ఇద్దర్నీ ఒక హాలుకి తీసుకెళ్ళాను, పేరెందుకు లెండి. లోపల అందరూ నా వయసువాళ్ళూ, కుర్రాళ్ళూ. మొదటి సీను నుంచి కాగితాలు ఎగరేయడం, తెర ముందుకెళ్ళి డాన్సులు, సెల్‌ఫోన్ లైట్లు, కేకలు. అభిమానం నాకు అర్థమవుతుంది, నేనూ చిరంజీవి అభిమానినే. కానీ 5 ఏళ్ళవాడు కుర్చీ మీద నిలబడి, "పెద్దమ్మా, తెర ఎక్కడుంది" అని అడిగాడు. ఇంటర్వెల్లో పాప్‌కార్న్ కొంటే టికెట్ కన్నా ఎక్కువైంది. సగంలో లేచొచ్చేశాం. మిగతా సగం ఇంట్లో చూశారు, క్లైమాక్సు దగ్గరకొచ్చేసరికి ఇద్దరూ నా మీద కాళ్ళేసి పడుకున్నారు, నిద్రపోలేదు.

సినిమాలు మళ్ళీ వేస్తున్నారు, బాగుంది, కానీ హీరో పుట్టినరోజుకి వేస్తున్నారు, పిల్లల సెలవులకి వేయడం లేదు. మా చిన్నప్పుడు బడి నుంచే వరసకట్టించి హాలుకి నడిపించేవారు, బాలల సినిమా అని తక్కువ టికెట్టు ఉండేది, సినిమా ఏదో కూడా తెలిసేది కాదు, బడి ఎగ్గొట్టి వెళ్ళామన్న ఆనందమే సగం. 1955లో మొదలైన బాలల చిత్రాల సంస్థ ఒకటి కేంద్ర ప్రభుత్వానికి ఉండేది, దాన్ని 2022లో జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థలో కలిపేశారు. కలిపితే కలిపారు, సినిమాలైతే పోలేదు కదా, ఎక్కడో ఉన్నాయి కదా. మన ఊళ్ళో హాళ్ళు వేసవిలో పొద్దున పది గంటలకి చాలావరకు ఖాళీగానే ఉంటాయి. వారానికి ఒక్క ఆట, ఆదివారం పది గంటలకి, పిల్లలకి సగం టికెట్టు, ఏసీ కాస్త తగ్గించి, లైట్లు పూర్తిగా ఆర్పకుండా, హక్కులున్నవాళ్ళకి ఇవ్వాల్సింది ఇచ్చి, ఒక పాత సాహసాల కామెడీ వేయండి. హాళ్ళవాళ్ళకి కుదరకపోతే సిరిపురంలో చిల్డ్రన్స్ ఎరీనా ఉంది, పేరులోనే పిల్లలున్నారు, నెలకి ఒక ఆదివారం అక్కడైనా వేయచ్చు. నీళ్ళ సీసా లోపలికి తెచ్చుకోనివ్వండి, అది కూడా రాయండి. మీ సినిమా పేజీలో రోజూ ఎవరి సినిమా ఎన్ని కోట్లో వేస్తారు కదా, ఆ పక్కన రెండంగుళాల చోటిచ్చి "ఈ ఆదివారం పిల్లల ఆట" అని వేస్తే మాలాంటివాళ్ళం కత్తిరించి ఫ్రిజ్ మీద అంటించుకుంటాం. ఆ ఉత్తరం రాసిన పెద్దాయన్ని మొదటి ఆటకి పిలవండి, టికెట్టు నేను కొంటాను, పిల్లల మధ్యలో సీటు ఇప్పించండి, పది నిమిషాల్లో ఎవరు లేచిపోతారో ఆయనే చూస్తారు.

బెంగళూరు వెళ్ళిపోయాక మొన్న రాత్రి చిన్నాడు ఫోన్ చేశాడు. దసరాకి వస్తారట. పెదనాన్న పక్కనే ఉన్నారేమో అని ముందు కనుక్కుని, గొంతు తగ్గించి, పెసలు వద్దు పెద్దమ్మా, ఈసారి శనగలు ఒక కేజీ కొని దాచిపెట్టు, అవి బాగా దొర్లుతాయి అన్నాడు.

ఇట్లు,
ఒక పాఠకురాలు
మద్దిలపాలెం, విశాఖపట్నం